మలుపుల దగ్గర ఎడమ చెయ్యి

ప్రొఫెసర్ గారికి,

వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని బస్సులో ప్రయాణించేవారి మీద మీరు చేస్తున్న పరిశోధన నుంచి నన్ను తప్పిస్తున్నట్టు ఉత్తరం అందింది. ప్రతి మలుపులోనూ నా ఎడమ చెయ్యి ఖాళీగా ఉన్న పక్క సీటు మీదికి పోయిందనీ, నాకు కళ్లు తిరిగి ఉంటాయనీ రాశారు. కళ్లు తిరగలేదు.

ఆ రోజు బస్సు దిగాక మీ విద్యార్థిని కూడా, "తూలిపోయారా సార్?" అని అడిగింది. "లేదమ్మా" అన్నాను గానీ కారణం చెప్పలేదు. చెప్పాల్సింది.

బస్సు మలుపు తిరిగితే నా భార్యకు కడుపులో తిప్పేది. ఇరవై ఎనిమిదేళ్లు మలుపు వచ్చినప్పుడల్లా ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. "మీరు పట్టుకుంటే రోడ్డు తిన్నగా అయిపోతుందా ఏమిటి?" అని వెక్కిరించేది. చెయ్యి మాత్రం లాక్కునేది కాదు. ఆమె పోయి ఏడు నెలలైంది.

మీ హెడ్‌సెట్‌లో నాకు కనిపించింది కదలని సరస్సు. అయినా మలుపు ముందు డ్రైవరు బ్రేకు మీద కాలు వెయ్యగానే నా చెయ్యి లేచింది. సరస్సును కళ్లు నమ్మాయి, ఒళ్లు నమ్మలేదు. మీరు కనిపెట్టాలనుకుంటున్నది ఇలాంటి సంగతే కదా. నన్ను తీసేస్తే నష్టం మీ పరిశోధనకే.

మిగిలిన నాలుగు ప్రయాణాలకూ వస్తాను. పక్క సీట్లో ఎవరినైనా కూర్చోబెట్టేటట్టయితే వారికి ముందే చెప్పి ఉంచండి. చెయ్యి ఆపుకుంటానని మాట ఇవ్వలేను.

ఇట్లు,
మీ జాబితాలో పదకొండో ప్రయాణికుడు