మా అత్తగారి మంచం ఏ పారిష్‌లో ఉన్నదనే విషయమై

హెంబీ గ్రామం, లింకన్‌షైర్
1956 మార్చి 6

ఆర్చిడీకన్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: హెంబీ చర్చి సమాధుల తోటలో కీ.శే. ఓబెడ్ టప్‌హోమ్ పక్కనున్న స్థలమును ఆయన భార్య సెలీనాకు, ఆమె బతికి ఉండగానే, ఖాయపరచుట గురించి.

ముందుగా నా అక్షరాలకు, అందులోని తప్పులకు క్షమాపణ కోరుకొనుచున్నాను. నేను కాలువ పడవ మీద పుట్టి పెరిగినదానను. పడవ ఏ రేవులో ఆగితే ఆ రేవు బడిలో రెండు రోజులో మూడు రోజులో కూర్చున్నాను. అన్నీ కలిపితే మూడేళ్ళ చదువు. మా అత్తగారు కునుకు తీసేటప్పుడు రొట్టె కోసే పలకను ఒళ్ళో పెట్టుకొని రాస్తున్నందువల్ల వరుసలు కిందికి జారినవి. అంకెలు వేసి రాస్తేనే పెద్దవాళ్ళు చదువుతారని పోస్టాఫీసు ఆమె చెప్పినందున అంకెలు వేశాను.

1. నేను విల్ఫ్ టప్‌హోమ్ భార్యను. నా భర్త స్పెన్స్‌లీ గారి దగ్గర గొర్రెల కాపరి. మేము ఉండే ఇల్లు స్పెన్స్‌లీ గారిది. హెంబీ చర్చి పెద్ద కూడా ఆయనే. కనుక ఈ విషయంలో నా భర్త నోరు లేవదు. ఈ అర్జీ గురించి ఆయనకు తెలియదు.

2. సెలీనా మా అత్తగారు. వయసు డెబ్బయి ఎనిమిది. నలభై ఒక్క ఏళ్ళు హెంబీ చర్చిలో ఇత్తడి సామాను తోమినారు. బైబిలును మోసే ఇత్తడి గద్ద ఒకటి ఉన్నది, తమరు చూసే ఉంటారు. దాని ఈకల సందుల్లో కోడి ఈకతో తోమేవారు. తొమ్మిదేళ్ళ క్రితం మా మామగారు పోయినప్పుడు అప్పటి పాస్టరుగారు సమాధి దగ్గరే నిలబడి, "ఈ పక్క స్థలం నీదే సెలీనా" అన్నారు. ఒకే గోతిలో ఇద్దరికీ వీలు కాదు, ఇక్కడ నాలుగు అడుగులు తవ్వితే నీళ్ళు. రాయి మీద సగం ఆమె పేరు కోసం ఖాళీగా వదిలారు. కాగితం మాత్రం రాయలేదు. ఆ పాస్టరుగారు పోయిన తరువాత నాలుగు పారిష్‌లను, అంటే నాలుగు చర్చిల ఊళ్ళను, ఒక గుంపుగా కట్టి, నాలుగింటికీ కలిపి ఫెన్విక్ గారిని వేశారు. ఆయన ఆదివారం నాడు మోటారు సైకిలు మీద నాలుగు చర్చిలు తిరిగి, నాలుగో దానిలో ఏ ఊళ్ళో ఉన్నారో మరిచిపోయి ప్రార్థన చేస్తారు.

3. మా ఇల్లు రెండు పారిష్‌ల మధ్య ఉన్నది. మధ్య అంటే దగ్గర అని కాదు. హద్దు మా వంటింట్లోంచి పోతుంది. దూలం మీద గొడ్డలితో కొట్టిన గాటు ఉన్నది. దానికి ఇవతల హెంబీ, అవతల ఓర్స్‌విక్. ఏటా మే నెలలో హద్దులు కొట్టే రోజున రెండు ఊళ్ళ పెద్దలూ బెత్తాలు పట్టుకొని పొలాల వెంట రాయి రాయినీ కొట్టుకుంటూ వచ్చి, మా కొట్టుగది కిటికీలోంచి లోపలికి దూరి, దూలాన్ని కొట్టి, మేము ఇచ్చిన బీరు తాగి, వాకిట్లోంచి పోతారు. తలుపు తెరిచే ఉంటుంది. అయినా కిటికీలోంచే రావాలట, వాళ్ళ తాతలు అలాగే వచ్చారట. పోయినేడు స్పెన్స్‌లీ గారు కిటికీలో ఇరుక్కున్నారు. బయటినుంచి ఇద్దరు తోస్తే వచ్చారు.

4. మా అత్తగారు పైగదిలో పడుకునేవారు. పైగది మొత్తం హెంబీలోనే ఉన్నది. రెండేళ్ళ క్రితం తుంటి ఎముక విరిగినప్పుడు నా భర్త ఆమె మంచాన్ని కిందికి దించి, వంటింటి పొయ్యి పక్కన వేశాడు. పొయ్యి ఓర్స్‌విక్‌లో ఉన్నది. చలికి వణికే ముసలామెను పొయ్యి దగ్గర పడుకోబెడితే పారిష్ మారిపోతుందని మాకు తెలియదు. కిటికీలోంచి తోయించుకొని లోపలికి వచ్చి పడ్డ స్పెన్స్‌లీ గారికి మాత్రం వెంటనే తెలిసింది. "ఏం సెలీనా, మాకు చెప్పకుండా దేశం మారిపోయావే" అన్నారు. అందరూ నవ్వారు. నేను కూడా బీరు పోస్తూ నవ్వాను. అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

5. పోయిన నవంబరులో ఆమెకు గుండె నీరసం వచ్చింది. అప్పటినుంచి రోజూ ఒకటే మాట. "ఆ స్థలం సంగతి అడిగావా పిల్లా?" అందుకని హెంబీ కమిటీ ముందుకు పోయినాను. నేను నలుగురిలో మాట్లాడేదాన్ని కాదు. తలుపు దగ్గర బెంచీ మీద గంటంబావు కూర్చున్నాను. ఆ గంటంబావూ వాళ్ళు బలిపీఠం మీది పూల వంతుల గురించి మాట్లాడుకున్నారు. ఈస్టరు వారం వంతు తనదని కమిటీలో పూల సంగతి చూసే మిసెస్ కాల్‌థ్రాప్, కాదు ఈసారి పొరుగు పారిష్ వాళ్ళదని ఇంకొకామె. ఇద్దరూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. తమకు ఎప్పుడైనా తీరిక ఉంటే వచ్చి చూడండి, దేవుడి పేరు ఎత్తకుండా గంటంబావు చర్చి గురించి ఎలా మాట్లాడతారో.

నా వంతు వచ్చినప్పుడు లేచి, "మా అత్తగారికి ఆ స్థలం కావాలండి" అన్నాను. అంతే అనగలిగాను.

"ఏ స్థలం?" అన్నారు మిసెస్ కాల్‌థ్రాప్. "మేము వాడిపోయిన పూలు వేసే చోటా?"

అవును అయ్యా. మా మామగారి పక్కన మా అత్తగారికి చెప్పిన స్థలంలో ఈ పూల వంతుల ఆడవాళ్ళు బలిపీఠం మీంచి తీసిన కుళ్ళు పూలను మూడేళ్ళుగా కుప్ప పోస్తున్నారు.

"తోటలో ఇంక ఏడు సమాధులకే చోటు ఉంది అమ్మాయ్, అది ఈ పారిష్‌లో పడుకునేవాళ్ళకే. మీ అత్త ఓర్స్‌విక్‌లో పడుకుంటోందిగా" అన్నారు ఆమె.

ఫెన్విక్ గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "చాలా సున్నితమైన విషయం. కమిటీ ఏమంటే అది" అన్నారు. ఆయన ప్రతిదానికీ అదే అంటారు. వాన పడుతోంది గొడుగు తీసుకోండి అన్నా కమిటీని అడుగుతారేమో.

6. ఓర్స్‌విక్ వాళ్ళను కూడా అడిగాను. అక్కడి పెద్ద గుమ్మంలోనే నిలబెట్టి, "నలభై ఏళ్ళు వాళ్ళ గద్దను తోమింది, మా గద్దను కాదు. వాళ్ళనే పూడ్చుకోమను" అని తలుపు వేసుకున్నాడు. ఓర్స్‌విక్‌లో చెక్క గద్ద.

7. తరువాత జనవరిలో స్పెన్స్‌లీ గారు, మిసెస్ కాల్‌థ్రాప్, ఫెన్విక్ గారు ముగ్గురూ కొలత టేపు పట్టుకొని మా ఇంటికి వచ్చారు. ఈసారి తలుపులోంచి వచ్చారు. మా అత్తగారు మంచం మీద ఉండగానే దూలం గాటు నుంచి దారం వేలాడదీసి, మంచాన్ని కొలిచారు. కాళ్ళవైపు రెండు అడుగులు హెంబీలో ఉన్నాయట. మిగతాది ఓర్స్‌విక్‌లో ఉన్నదట.

"తల ఎటు ఉంటే అదే లెక్క" అన్నారు స్పెన్స్‌లీ గారు.

"దానికేముంది బాబూ, కాళ్ళు మీ దగ్గర పాతి, మిగతాది వాళ్ళ దగ్గర పాతండి. ఆఖరి రోజున ప్రభువు బూర ఊదినప్పుడు నేనే వెతుక్కుంటాలే" అన్నారు మా అత్తగారు.

"సెలీనా, ఇది నవ్వులాట కాదు."

"నవ్వడం లేదు బాబూ. నీకు మూడేళ్ళప్పుడు చర్చిలో నా గౌనుకు ముక్కు తుడుచుకున్నావు. అప్పుడు నువ్వు ఏ పారిష్‌లో ఉన్నావో నేను కొలవలేదు."

ఫెన్విక్ గారు గట్టిగా దగ్గారు. నేను సోపుగింజల కేకు పెట్టాను. ముగ్గురూ తిన్నారు. తినేసి పోయారు.

వాళ్ళు వెళ్ళగానే నేను మంచాన్ని తిప్పివేశాను. తల హెంబీ వైపు పెట్టాను. ఆ వైపు తలుపు గాలి తిన్నగా మెడకు కొడుతుంది. అయినా ఆమె, "ఇప్పుడు నేను హెంబీదాన్నేనా పిల్లా?" అని తువాలు మెడకు చుట్టుకొని పడుకున్నారు. ఇది కమిటీకి తెలిసి తీర్మానం చేశారు. కొలిచిన తేదీ తరువాత తిప్పిన మంచం చెల్లదట. ఆ కాగితాన్ని ఫెన్విక్ గారే తెచ్చి, నా చేతికి ఇవ్వడానికి సిగ్గుపడి, పాల సీసాల పక్కన పెట్టి పోయారు. ఆ వారమంతా ఆమెకు దగ్గు.

8. పోయిన ఆదివారం చర్చి బయట మిసెస్ కాల్‌థ్రాప్ నా చెయ్యి పట్టుకొని మెల్లగా, "మాకేం పగ లేదు అమ్మాయ్. ఆమె పైగదిలో, తన పాత చోట కన్ను మూస్తే ఎవరూ కాదనలేరు. పైకి మార్చకూడదూ?" అన్నారు. దయ చేస్తున్నట్టు నవ్వారు కూడా. మా మెట్లు నిచ్చెన లాంటివి. పైకి చేర్చే లోపలే ప్రాణం పోతుందని డాక్టరుగారు నవంబరులోనే చెప్పారు. ఆ మాట కమిటీలో ఆయనే స్వయంగా చెప్పారు. అప్పుడు మిసెస్ కాల్‌థ్రాప్ అక్కడే ఉన్నారు.

అయ్యా, వీళ్ళు చెడ్డవాళ్ళని నేను రాయడం లేదు. చెడ్డపని చేయాలన్నా కొంచెం ధైర్యం ఉండాలి. పడవల మీద నేను తాగుబోతులను, దొంగలను చూశాను. చచ్చిపోయేవాళ్ళకు చోటు ఇవ్వడానికి టేపు తెచ్చినవాళ్ళను ఈ నాలుగు పారిష్‌లలోనే చూశాను.

9. కావున ఈ పాస్టర్లందరికీ పైవారైన తమరు దయతో (అ) ఆ స్థలం సెలీనా టప్‌హోమ్‌దని ఒక ముక్క రాసి పంపవలెననియు, (ఆ) ఆమె చెవులు ఇంకా బాగా వినబడుచున్నవి కనుక అది త్వరగా పంపవలెననియు, (ఇ) పూల కుప్పను తీయించవలెననియు ప్రార్థించుచున్నాను. ఈ మూడింటిలో రెండవదే ముఖ్యము. ఆమెకు కావలసినది గొయ్యి కాదు, మాట.

నా రాత ఎలా ఉన్నా నా మాటను చిత్తమున ఉంచుకొనవలెను.

తమ విధేయురాలు,
కెజియా టప్‌హోమ్

తాజా కలం. మార్చి 14.

పై అర్జీని వెంటనే పంపలేదు. పోస్టాఫీసుకు పోవాలంటే ఆమెను ఒంటరిగా వదలాలి. నా భర్త గొర్రెలు ఈనే దొడ్డిలో ఉన్నాడు, ఇల్లు చూడటం లేదు.

ఎనిమిదో తారీకు గురువారం పొద్దున ఆమె ఊపిరి మారింది. "అడిగావా పిల్లా?" అన్నారు. నేను అడిగానన్నాను. జవాబు వచ్చిందా అన్నారు. వచ్చిందన్నాను. చదవమన్నారు. కమిటీ తీర్మానం కాగితం బల్ల మీద ఉన్నది. దాన్ని తిప్పి, వెనక తెల్లవైపు చూస్తూ తమరి ఉత్తరం చదివాను. తమరు చాలా మర్యాదగా రాశారు. "శ్రీమతి సెలీనా టప్‌హోమ్ గారికి, మీరు తోమిన గద్దను నేను చూశాను, ఈ జిల్లాలో అంత మెరిసేది ఇంకొకటి లేదు, మీ స్థలం మీదే" అని రాశారు. ఆలస్యానికి క్షమించమని కూడా రాశారు. "పెద్దమనిషి" అన్నారు ఆమె. మధ్యాహ్నం పన్నెండు గంటలకు, పొయ్యి పక్కన, తల హెంబీలో పెట్టుకొని పోయారు.

నేను చిన్నప్పటినుంచి కాలువ తూముల గేట్లు నెట్టినదాన్ని. నా చేతులకు బలం ఉంది. ఆమెను దుప్పటిలో చుట్టి, భుజాన వేసుకొని, ఆ మెట్లు ఎక్కాను. పైగదిలో ఆమె పాత చోట పరుపు పరిచి పడుకోబెట్టి, జుట్టు దువ్వి, తరువాతే డాక్టరును పిలిచాను. ఆయన మెట్ల వైపు చూశారు, నా వైపు చూశారు, పోయిన చోటు పైగది అని రాశారు.

ఫెన్విక్ గారు హెంబీ పుస్తకంలో ఎక్కించారు. సోమవారం పూడ్చాము. పూల కుప్పను నేనే పారతో తీశాను. దాని కింద మట్టి నల్లగా, మెత్తగా ఉంది. తోట మొత్తంలో ఇంత మంచి నేల లేదన్నాడు గొయ్యి తవ్వే ఆయన. మిసెస్ కాల్‌థ్రాప్ నల్ల టోపీ పెట్టుకొని వచ్చి, పూడ్చిన తరువాత మా ఇంట్లో పెట్టిన భోజనంలో పంది మాంసం రెండుసార్లు వడ్డించుకొని, "చూశావా అమ్మాయ్, అన్నీ పద్ధతి ప్రకారం జరిగితే ఎంత ప్రశాంతంగా ఉంటుందో" అన్నారు. ఇంకొంచెం ఆవపిండి కావాలా అండి అని అడిగాను.

ఇప్పుడు ఈ అర్జీతో నాకు పని లేదు. చింపేద్దామనుకున్నాను. కానీ తమరి పేరు మీద ఒక ఉత్తరం చదివినదాన్ని, ఆ సంగతి తమరికి తెలియకపోతే దొంగతనం అవుతుంది. పాస్టరుగారికి చెప్పుకుందామంటే ఆయన కమిటీలో పెడతారు. వాళ్ళు మళ్ళీ టేపు తెస్తారు, ఈసారి పార కూడా తెస్తారు. నా భర్తకు కొలువు పోతుంది, ఇల్లు పోతుంది.

అందుకని ఒక్కటే కోరుతున్నాను. చదవడం అయిన వెంటనే, గుమాస్తాకు ఇవ్వకుండా, ఫైలులో పెట్టకుండా, తమరి చేత్తో దీనిని పొయ్యిలో వేయండి. తమరు ఆమెకు రాసిన ఆ ఉత్తరానికి సాక్ష్యం ఇంకెక్కడా ఉండదు. ఆమె మాత్రం విన్నది.

కె.