క్లబ్బును ఎవరికి అమ్మాలి?

మే 22, శుక్రవారం

రెండు–సున్నా. ఓడిపోయాం. జల్లు. గాలి. అయినా హాయిగానే ఉంది... ఈ ఫుట్‌బాల్ క్లబ్బు ఓడినా నాకు కోపం రాదు, అలవాటైపోయింది.

ఇంటి నుంచి గ్రౌండుకి పన్నెండు నిమిషాల నడక. నది పక్క దారిన మా అమ్మాయి సహస్ర, నేను. పధ్నాలుగో ఏడు వచ్చాక నాతో షాపుకి రాదు, గుడికి రాదు, ఎవరింటికైనా భోజనానికి పిలిస్తే తలనొప్పి. శుక్రవారం మ్యాచ్‌కి ఈ నడక ఒక్కటే మిగిలింది. పోయేటప్పుడు పన్నెండు, వచ్చేటప్పుడు పన్నెండు. స్కూల్లో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో, ఏ టీచరు ఎలా నడుస్తాడో — అన్నీ ఆ ఇరవై నాలుగు నిమిషాల్లోనే తెలుస్తాయి నాకు, అదీ ఇంగ్లీషులో.

హాఫ్ టైంలో మైకులో ప్రకటన. క్లబ్బు కొంటామని ఒక అమెరికన్ కంపెనీ వచ్చిందట. పక్క సీటులో మార్టీ టీ కప్పు నోటి దాకా తెచ్చి అలాగే ఆపేశాడు. డెబ్భై దాటిన మనిషి. మేం కార్లో అనే ఈ ఊరికి వచ్చిన కొత్తలో, పక్కింట్లో ఉన్న పాపానికి, నన్ను ఈ గ్రౌండుకి లాక్కొచ్చింది ఆయనే. సభ్యత్వం కాగితం మీద సంతకం పెట్టించిందీ ఆయనే. 

మే 24, ఆదివారం

ఉత్తరం వచ్చింది. క్లబ్బు సభ్యులది కాబట్టి సభ్యులే తేల్చాలి. రెండు దారులు. ఒకటి — అమెరికన్ కంపెనీకి అమ్మేయడం. వాళ్లు ఊరి బయట మోటార్‌వే పక్కన కొత్త గ్రౌండు కడతారు, ఆడపిల్లల జట్టుకి సొంత మైదానం, కోచ్‌లు. పాత గ్రౌండు స్థలంలో ఇళ్లు లేస్తాయి. రెండోది — అభిమానులమే తలా కొంత వేసుకుని ఉన్నచోటే ఉండటం.

మూడోది కూడా ఒకటి ఉండేది. కార్ల షోరూం ఆసామి. జెర్సీ మీద తన ఫొటో ఉండాలన్నాడట. కమిటీవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారని వినికిడి.

మే 29, శుక్రవారం

గెలిచాం! ఎవరూ చూడలేదు. అందరూ మాట్లాడుకుంటున్నారు.

వెనక వరసలో — "ఆ అమెరికావాళ్లకి బేస్‌బాల్ టీము ఉందట, సాకర్ గురించి వాళ్లకేం తెలుసు..." ముందు వరసలో — "మనకి మాత్రం ఏం తెలుసు, పట్టికలో ఎక్కడున్నామో చూశావా?" ఒకాయన, చెవులకి మిషన్లు పెట్టుకున్నాయన — "మా నాన్న బూడిద ఆ కార్నర్ ఫ్లాగ్ దగ్గరే చల్లాం, దాని మీద ఎవడిదో వంటిల్లు కడతారా?" 

మార్టీని అడిగాను, మీ మాటేంటని. "చూద్దాం రామ్" అన్నాడు. ఆయన మనసు నాకు తెలియదా... నలభై ఏళ్లుగా అదే సీటు. ఈ గ్రౌండు పోతే ఆయన ఏమైపోతాడో అని ఇంటికొచ్చేదాకా నాకు అదే దిగులు.

జూన్ 3, బుధవారం

సహస్ర తెలివి. ఆ కంపెనీ బేస్‌బాల్ టీము అభిమానులు రాసుకునే చోటు ఇంటర్‌నెట్‌లో వెతికి పట్టుకుని, నేరుగా అడిగేసింది — "మీ ఓనర్లు మా క్లబ్బు కొంటామంటున్నారు, మనుషులు ఎలాంటివాళ్లు?" అని.

జవాబులే జవాబులు. భోజనం దగ్గర చదివి వినిపించింది. "బంగారం లాంటి బౌలర్‌ని అమ్మేశారు" — బంతి విసిరేవాణ్ణి నేను బౌలర్ అంటే "బౌలర్ కాదు నాన్నా, పిచర్" అని దిద్దింది — "టికెట్టు కొనాలంటే భయమేస్తోంది"... "కానీ కొత్త స్టేడియం మాత్రం అద్దంలా ఉంది, మా అమ్మాయి అక్కడే ఆట నేర్చుకుంది"... ఆ తర్వాత మమ్మల్ని మర్చిపోయి వాళ్లలో వాళ్లే మొదలుపెట్టారు: అసలు తమ టీముని వీళ్ల దగ్గర నుంచి ఎవరు కొంటే బాగుంటుంది? ఒకడు ఊళ్లో డాక్టర్లందరూ కలిసి కొనాలంటాడు. ఒకడు నగరపాలక సంస్థ కొనాలంటాడు. ఇంకొకడు వాళ్లమ్మకి ఇచ్చేస్తే చాలు, ఇల్లు నడిపినట్టు నడుపుతుందన్నాడు.

మా ఆవిడ లావణ్య ల్యాప్‌టాప్ పక్కన పెట్టి మరీ నవ్వింది. "ఆ ఆఖరివాడికే నా ఓటు" అంది. నవ్వీ నవ్వీ అన్నం చల్లారిపోయింది. చాలా రోజుల తర్వాత ముగ్గురం ఒకే విషయం మాట్లాడుకున్నాం.

జూన్ 5, శుక్రవారం

నడకలో అడిగేసింది.

"నాన్నా, నాకు ఓటు లేదు. పదహారు నిండాలట. నువ్వు అమెరికన్లకి వేస్తావా? నా కోసం."

తను ఆడే జట్టుకి మైదానం లేదు. స్కూలు వెనక బురదలో ఆడతారు. వానొస్తే ప్రాక్టీసు లేదు — ఈ దేశంలో వాన రానిదెప్పుడు. అన్నీ తెలుసు నాకు. ఆ బూట్లు కడిగేది నేనే.

"చూద్దాం తల్లీ" అన్నాను.

"అంటే వెయ్యవన్నమాట" అంది. కోపంగా కాదు. మామూలుగా.

జూన్ 9, మంగళవారం

మందుల ప్లాంట్ ల్యాబ్‌లో రోజంతా మాత్రలు పరీక్ష చేయడమే. కొలతకి సరిపోతే పాస్, లేకపోతే ఫెయిల్. మధ్యరకం ఉండదు. ఇంత సుఖమైన ఉద్యోగం చేసుకుంటూ ఒక్క ఓటు తేల్చలేకపోతున్నాను.

మార్టీకి ద్రోహం చేయలేను. పిల్లకి లేదనలేను.

జూన్ 13, శనివారం

రేపే ఓటింగ్. క్లబ్బు హాల్లో, రెండు నుంచి ఆరు దాకా. స్వయంగా వెళ్లి పెట్టెలో వేయాలి.

వంటింట్లో అల్మరా తలుపుకి అత్తగారు విజయవాడ నుంచి పంపిన క్యాలెండర్. లావణ్య దాని ముందు నిలబడి — "ఏవండీ, ఆదివారం నాలుగున్నర నుంచి ఆరింటి దాకా రాహుకాలం. ఆ టైములో మాత్రం కాగితం మీద గీత పెట్టకండి. ఎవరికి వేసుకుంటారో మీ ఇష్టం."

సరే అన్నాను.

జూన్ 14, ఆదివారం

రాయాలి. ఉన్నది ఉన్నట్టు.

ప్లాంట్‌లో సగం షిఫ్టు. నాలుగూ ఇరవైకి హాలు దగ్గరున్నాను. పది నిమిషాల టైముంది. మార్టీ గుమ్మంలోనే కనిపించాడు. వాతావరణం, మోకాళ్లు, గోల్‌కీపరు. కాగితం తీసుకున్నాను. టీ తాగాను. నాలుగూ ముప్ఫై రెండు. అయ్యో, రాహుకాలం వచ్చేసింది... సరే, ఆరు కాగానే వేద్దాం అనుకున్నాను. ఆరింటికే కదా పెట్టె మూసేది, ఆఖరివాణ్ణి నేనే అవుతాను.

గంటన్నర ఆ హాల్లో గోడల మీద పాత టీముల ఫొటోలు చూస్తూ తిరిగాను. చెవి మిషన్ల పెద్దాయన రెండుసార్లు అడిగాడు, "వేశావా?" "ఇదిగో, వేస్తా." "ఇంకా ఆలోచన?" "ఆలోచన కాదు, టైము..." పాపం, ఏమర్థమైందో.

నా వాచీలో ఆరు. వెళ్లాను. ఓటింగ్ చూసుకునే కమిటీ మనిషి నోరా అప్పటికే పెట్టెకి సీలు వేస్తోంది. గోడ గడియారం రెండు నిమిషాలు ముందుంది. "ఎంత పని చేశావు బాబూ, గంటన్నర నుంచీ ఇక్కడే ఉన్నావు కదా!" అంది.

ఇంటికొచ్చి చెప్పాను. లావణ్య నొచ్చుకుంది — "నా వల్లే కదండీ." నేను కాదనలేదు. అదీ నా ఘనత.

సహస్ర మాత్రం ఫోను పక్కన పెట్టింది. "నాన్నా, అది ఇండియా క్యాలెండర్. ఇక్కడ ఇవాళ రాహుకాలం ఎనిమిదికి పది నిమిషాల ముందు మొదలవుతుంది. నువ్వే గ్రూపులో పెట్టావు, పొద్దున."

అవును. కార్లోలో ఉన్న తెలుగువాళ్లందరికీ వారం వారం టైములు లెక్కకట్టి పంపేది నేనే. సూర్యోదయం నుంచి అస్తమయం దాకా ఎనిమిది భాగాలు, జూన్‌లో ఇక్కడ పగలు పదిహేడు గంటలు, అక్కడి లెక్క ఇక్కడ చెల్లదు — ఎవరు కారు కొన్నా, ఎవరు ఇంట్లో పాలు పొంగించినా ఇదే పాఠం చెప్పేది నేనే. ఇవాళ పొద్దున కూడా ఎవరో లీజు సంతకానికి అడిగితే పెట్టాను.

లావణ్య నా వైపు చూసింది.  సహస్ర తన గదిలోకి వెళ్లిపోయింది.

మర్చిపోలేదు. నాలుగూ ముప్ఫై రెండప్పుడు కూడా ఆ లెక్క నాకు బాగా గుర్తుంది. సిగ్గుగా ఉంది.

జూన్ 15, సోమవారం

ఫలితం వచ్చింది. అమ్మకానికి సగం పైన ఓట్లు పడ్డాయి, కానీ మూడింట రెండొంతులు రాలేదు. రూలు ప్రకారం ఇరవై ఎనిమిదిన మళ్లీ ఓటింగ్. ఈసారి ఎటు ఒక్కటి ఎక్కువొస్తే అటే.

సహస్ర టిఫిన్ తినకుండా వెళ్లింది.

జూన్ 19, శుక్రవారం

ఒక్కడినే నడిచాను. పన్నెండు నిమిషాలు ఇంత పొడుగు అని తెలియదు.

"చిన్నది ఏది?" అని మార్టీ. అప్పుడు చెప్పేశాను. రాహుకాలం అంటే ఏంటో, నేను వేసిన వేషం ఏంటో. మీ సీటు పోతుందని మీకు ఎదురు వేయలేకపోయాను, పిల్లకి ఎదురు వేయలేకపోయాను, అందుకని... అని.

నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"నేను అమెరికన్లకే వేశాను రామ్."

మైదానంలో ఏం జరిగిందో తెలియదు, అందరూ లేచి అరుస్తున్నారు. మేమిద్దరం కూర్చునే ఉన్నాం.

"నలభై ఏళ్లు ఈ సీటులో తడిశాను. చాలు. ఆడపిల్లలు బురదలో ఆడటం నువ్వొక్కడివే చూస్తున్నావనుకున్నావా? అక్కడికి బస్సు వేస్తారట. నాకు గ్రాండ్, హాయిగా సరిపోతుంది."

ఆయన కోసం అనుకున్నానే ఇన్నాళ్లూ. ఆయనకి అక్కర్లేదు. మరి ఈ గ్రౌండు ఇక్కడే ఉండాలని ఎవరికి ఇంత పట్టుదల? నాకే. పన్నెండు నిమిషాల కోసం. మోటార్‌వే పక్కకి పోతే కారులో పోవాలి. కారెక్కితే ఆ పిల్ల చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటుంది. అంతే. ముసలాయన పేరు చెప్పుకుని నా స్వార్థం చూసుకున్నాను.

జూన్ 20, శనివారం

చెప్పేశాను. సహస్ర బూట్లు కడుగుతూ, వెనక గుమ్మంలో. ఎదురుగా చూస్తూ అయితే చెప్పలేకపోయేవాణ్ణి.

"నువ్వు నాతో మాట్లాడేది ఆ దారిలోనే. అది పోతుందని భయం."

ముందుకొచ్చి కుళాయి కట్టేసింది. 

"ముందే చెప్పొచ్చు కదా నాన్నా" అంది తెలుగులో. తెలుగులో!

జూన్ 23, మంగళవారం

టిఫిన్ తిని వెళ్లింది. పెసరట్టు, రెండు.

జూన్ 26, శుక్రవారం

ఇద్దరం నడిచాం. మూడు–ఒకటి, గెలిచాం. పోయేటప్పుడు పెద్దగా మాటల్లేవు. వచ్చేటప్పుడు వంతెన దగ్గర ఆగి — "కొత్త గ్రౌండుకి కూడా నడవొచ్చు. గంటా ఇరవై నిమిషాలు. చూశాను."

"ఒకవైపా?"

"ఒకవైపు."

నా మోకాళ్ల సంగతి ఎత్తలేదు. ఎవరైనా ఎత్తుతారా!

జూన్ 28, ఆదివారం

పొద్దున పది. ఎండ. లావణ్య పులిహోర డబ్బాలో సర్దింది, మార్టీకి వేరే చిన్న డబ్బా. "రాహుకాలం సాయంత్రం కదండీ, ఇక సాకులేం లేవు" అని ఒక చురక కూడా వేసింది.

ఓటింగ్ రెండింటికి. ఈలోపు ఆ మోటార్‌వే పక్క పొలం దాకా నడిచి చూద్దామంటోంది సహస్ర. ముందు నడిచి, తర్వాత వెయ్యమంటోంది. నచ్చకపోతే నీ ఇష్టం వచ్చినట్టు వేసుకో, నేనేం అనుకోను అంది. నిజంగానే అంది, ముఖం చూశాను.

దారిలో కాలిబాట ఉందో లేదో తెలియదు. గంటా ఇరవై నిమిషాలకి సరిపడా మాటలు మా దగ్గర ఉన్నాయో లేదో అదీ తెలియదు... కింద నుంచి పిలుస్తోంది.