గోడవైపు పక్క

నోయిడా,
4 డిసెంబర్ 2006.

పార్థసారథి గారికి,

'ప్రియమైన' అని మొదలుపెట్టడానికి చెయ్యి రాలేదు, ఏమీ అనుకోకండి. ఈ నెలాఖరులోగా విడాకుల కాగితాల మీద నేను సంతకం పెట్టాలని లాయరు గారు తొందర పెడుతున్నారు. దానికి ముందు మిమ్మల్ని ఒక్క మాట అడగాలి. ఫోన్లో అయితే "అచ్ఛా, ఠీక్ హై" అని పెట్టేస్తారు, అందుకే రాస్తున్నాను.

పోయిన వారం మా సొసైటీ ఆడవాళ్లు విశాఖపట్నం టూరు పెట్టుకున్నారు. తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కదా, ఆటోవాళ్లతో బేరాలాడటానికి నన్నూ లాక్కెళ్లారు. మీరు అంతకాలం నేవీలో, సబ్‌మెరైన్ మీద ఉద్యోగం చేసిన ఊరు నేను చూడటం అదే మొదలు. క్వార్టర్స్ దొరకలేదంటూ నన్ను పాలకొల్లులో మీ అమ్మగారి దగ్గరే ఉంచారు మరి. పొద్దున్నే సింహాచలం, తరవాత కైలాసగిరి, ఆపైన హార్బరులో పడవ షికారు. అందరూ ఫొటోలు దిగుతున్నారు, నాకేదీ కంటికి ఆనలేదు. "క్యా హువా దీదీ, సముందర్ సే డర్ లగ్తా హై?" అని మిసెస్ అరోరా ఒకటే వేళాకోళం. అవును, సముద్రమంటే భయమే అన్నాను. మొగుడు వదిలేసిన ఊసు టూరు బస్సులో ఎందుకు?

సాయంత్రం, బీచిలో ఒడ్డుకెక్కించి పెట్టిన సబ్‌మెరైన్ దగ్గరికి తీసుకెళ్లారు. మీ పెళ్లాన్నై ఉండీ ఏనాడూ చూడని చోటికి టికెట్టు కొనుక్కుని వెళ్లాను. లోపల ఊపిరి ఆడదు, ఒకళ్లని తప్పించుకుని ఒకళ్లు నడవాలి. గైడు రిటైరైన నేవీ మనిషి, తెలుగాయనే. రైలు బెర్తుకన్నా ఇరుకైన పక్క ఒకటి చూపించి, "ఇది ఒక్కడిది కాదమ్మా. ఒకడు డ్యూటీకి లేస్తే ఆ వెచ్చటి పక్కలోనే ఇంకొకడు పడుకోవాల. రెండోవాడొచ్చి నిలబడ్డాడంటే, ఎంత నిద్రలో ఉన్నా లేచిపోవాల్సిందే. చప్పుడు కూడా చెయ్యకూడదు" అన్నాడు.

పెళ్లయిన కొత్త నుంచీ, మీరు సెలవు మీద పాలకొల్లు వచ్చినా, రిటైరై ఇద్దరం నోయిడా వచ్చేశాక కూడా, నేను వంటిల్లు సర్దుకుని వచ్చి మంచమెక్కగానే మీరు లేచిపోయేవారు. దుప్పటి సరిచేసి, తలుపు చప్పుడు కాకుండా వేసి, వరండాలోకి వెళ్లి కూర్చునేవారు. నేనంటే రోత అనుకున్నాను. పిల్లలు లేరని మీ అమ్మగారు నన్ను ఆడిపోసుకుంటుంటే ఏం చెప్పను, ఎలా చెప్పను? ఆ కడుపుమంటతోనే మొన్న ఎండాకాలంలో "నా పక్కన పడుకోలేకపోతే పొండి" అని అరిచాను. మీరు నిజంగానే పెట్టె సర్దుకుని ఫరీదాబాద్ వెళ్లిపోయారు.

నిజం చెప్పండి. అదంతా ఆ అలవాటేనా? అవునంటే సంతకం పెట్టను. కాదంటే పెట్టేస్తాను.

సత్యవతి

ఫరీదాబాద్,
9 డిసెంబర్.

సత్యా,

నాకు రాయడం చేతకాదని నీకు తెలుసు. గైడు చెప్పింది నిజమే. కొన్నిసార్లు అలవాటే. నువ్వు వచ్చి నిలబడితే నిద్రలోనే లేచిపోయేవాణ్ణి.

కానీ చాలాసార్లు మెలకువగా ఉండి కూడా లేచేవాణ్ణి. సబ్‌మెరైన్లో పనిచేసేవాళ్లకి ఒంటి నిండా డీజిలు కంపు. ఎన్ని నీళ్లు పోసుకున్నా వదలదు. పెళ్లయిన కొత్తలో, మొదటిసారి నా పక్కన పడుకున్నప్పుడు నువ్వు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయావు. నా కంపు భరించలేకపోతున్నావనుకున్నాను. ఆ మాట అడగడానికి సిగ్గేసింది. నువ్వు పొమ్మన్నప్పుడు కూడా అదే అనుకుని వచ్చేశాను.

ఇక్కడ ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చున్నా నాకు ఆ కంపు వస్తూనే ఉంటుంది. నిజంగా ఉందో లేదో నాకు తెలియదు. సంతకం సంగతి నీ ఇష్టం.

పార్థసారథి

నోయిడా,
14 డిసెంబర్.

ప్రియమైన మీకు,

కొంగు అడ్డం పెట్టుకున్నది నోటికండీ, ముక్కుకి కాదు. మా అమ్మని వదిలి వచ్చిన ఏడుపు మీకు వినపడకూడదని గోడవైపు తిరిగాను. డీజిలు వాసనో, పెళ్లి దండల వాసనో, నాకు ఏదీ తెలియలేదు.

మీ ఉత్తరం చూసి నిన్నంతా ఏడ్చాను. ఎవరిని తిట్టుకోవాలో తెలియలేదు. మనకి పోయిన ఏళ్లు పోయాయి, ఇప్పుడు ఎవరొచ్చి ఇస్తారు?

లాయరు దగ్గరికి వెళ్లను. సెలవు దొరికిన రోజున రండి. మంచాన్ని గోడకి ఆనించి వేశాను. ఇకనుంచి గోడవైపు మీరు పడుకోవాలి. లేచి వెళ్లాలంటే నన్ను లేపి చెప్పి వెళ్లాలి.

మీ
సత్య