పావు వంతు పెరిగిన గదులు

ప్రియమైన గీతల మాస్టారికి,

క్షేమంగా చేరాను. మూడు రైళ్లు మారేసరికి నడుం విరిగిందనుకో. పాత మందుల కొట్టు తలుపు తీయగానే ఆ వాసన తగిలి అంతా మర్చిపోయాను. ముప్పై ఏళ్ల కిందట ఎలా ఉందో అలాగే ఉందిరా. నేల నుంచి కప్పు దాకా చెక్క సొరుగులే. ఒక్కోదాని మీద ఆకుదో వేరుదో బొమ్మ. చదువు రానివాళ్లు బొమ్మ చూపించి మందు అడిగేవాళ్లట. అప్పుడు గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెళ్లికాని పిల్ల ఇప్పుడు అమ్మమ్మ. "గోడల వెంట గొణుక్కుంటూ నడిచింది మీరే కదూ" అని గుర్తుపట్టింది.

కొలత టేపు బయటికి తీస్తే ఏ కాపలావాడైనా కసురుతాడని మనం పెట్టుకున్న పద్ధతే ఇప్పుడూ. చూడొచ్చినదానిలా అంగలు లెక్కపెడుతూ నేను తిరుగుతాను, ఆ లెక్కలతో నువ్వు ఇంట్లో కూర్చుని ప్లాను గీస్తావు. పొడవు ముప్పై అయిదు అంగలు. పబ్లిషరు మాట గుర్తుందిగా. వానాకాలం లోపు నాలుగు చోట్ల కొలతలూ తాజాగా ఇస్తేనే మన పాత కట్టడాల పుస్తకం మళ్లీ అచ్చవుతుంది, లేకపోతే అంతే సంగతులు. మనిద్దరం కలిసి చేసిన పని లోకంలో అదొక్కటే. బద్ధకించకు.

నీ అక్క

* * *

కాలు నిలవని అక్కకి,

పాత ప్లాను తీసి పక్కన పెట్టుకున్నాను. అప్పుడు పొడవు ఇరవై ఎనిమిది అంగలని నువ్వే రాశావు. ఇల్లు పాతబడితే కుంగుతుందని విన్నాను గానీ, పెరుగుతుందని ఇప్పుడే వింటున్నాను. ఆ అమ్మమ్మతో కబుర్లలో పడి లెక్క తప్పి ఉంటావు. నీ నోరు సంగతి నాకు తెలియదా.

నిజం చెప్పనా, పాత ప్లాన్లు ముందేసుకుంటే పని సాగడం లేదు. ఒక్కో గీత దగ్గరా అప్పట్లో నువ్వు రాసిన ఉత్తరం గుర్తొస్తోంది. ఆ చోట్లలో ఒక్కటీ నేను కళ్లతో చూడలేదు. బస్సు మలుపు తిరిగితే కక్కుకునే ప్రాణం నాది. తిరగడం నీ వంతు, గీయడం నా వంతు అనుకున్నాం, అలాగే ఇన్నేళ్లు గడిచిపోయాయి. నాకు లోకమంటే నీ అంగలే. ఇంకోసారి లెక్కపెట్టి పంపు.

నీ తమ్ముడు

* * *

ఒరేయ్ సన్నాసీ,

మళ్లీ వెళ్లి రెండుసార్లు లెక్కపెట్టాను. ముప్పై అయిదే. నా లెక్కలు దిద్దేంత పెద్దవాడివి ఎప్పుడయ్యావు?

తాళ్ల కొట్టం చూశాను. ఓడల మోకులు పేనడానికి కట్టింది కదా, మోకు ఎంత పొడవో కొట్టమూ అంత పొడవు. అటు చివరి మనిషి చీమంత కనిపిస్తాడు. పేనేవాళ్లు తరతరాలు వెనక్కి నడిచి నడిచి నేలలో పడిన గాడి చెరిగిపోలేదు. ఆ గాడిలోనే నడిచాను. అయిదు వందల అంగలు. సగంలో కాపలా ముసలాయన కుర్చీ తెచ్చి వేశాడు, మర్యాద తెలిసిన మనిషి. కప్పున్న చెక్క వంతెన కూడా అయింది, నూట యాభై. లోపల టోపీలు కుట్టే దుకాణాలు రెండే మిగిలాయి. అప్పుడు పదకొండు ఉండేవి, నీకోసం ఒక టోపీ కొన్నాను, నీ తలకి పట్టనే లేదు.

ఇక మిగిలింది గడియారం బురుజు. మన పుస్తకంలో మొదటి పేజీ అదే కదరా.

అక్క

* * *

అక్కా,

ఇరవై ఎనిమిది ముప్పై అయిదైంది. నాలుగు వందలు అయిదు వందలైంది. నూట ఇరవై నూట యాభై అయింది. మూడూ సరిగ్గా పావు వంతు పెరిగాయి. మూడు దేశాల్లోని మూడు కట్టడాలు కూడబలుక్కుని ఒకే లెక్కన పెరగవు. తగ్గింది నీ అంగ. ఆ ముసలాయన కుర్చీ ఎందుకు వేశాడో కూడా నాకు అర్థమైంది.

నీ కాలికేమైంది? నా దగ్గర దాచకు. పుస్తకం అచ్చు కాకపోతే పీడా పోయింది. బురుజు జోలికి పోవద్దు, బయల్దేరి వచ్చెయ్. భయంగా ఉంది.

తమ్ముడు

* * *

ప్రియమైన తమ్ముడికి,

దొరికిపోయాను. తుంటి ఎముక అరిగిపోయిందిరా. ఆపరేషన్ చేసినా చేతికర్ర తప్పదనీ, మెట్ల మాట మర్చిపొమ్మనీ డాక్టరు పోయిన చలికాలమే చెప్పేశాడు.

ఇంకో అబద్ధం కూడా ఉంది. పబ్లిషరు కొలతలేమీ అడగలేదు. ఆ పుస్తకం ఇక వెయ్యనని ఆయన చెప్పి ఏడేళ్లయింది. నీతో అనడానికి నోరు రాలేదు. నడవగలిగినప్పుడే అన్నీ ఇంకోసారి చూడాలనిపించింది. ఈ కాలుతో ఊరికే చూసొస్తానంటే నన్ను గుమ్మం దాటనిస్తావా? పైగా లెక్క నీకు పంపకపోతే నాకు ఏ చోటూ చూసినట్టే ఉండదు.

బురుజుకి ఎదురుగానే బస. నిన్న ఇరవై మెట్లు ఎక్కి, గోడ పట్టుకుని దిగిపోయాను. మొత్తం నూట తొంభై. అప్పట్లో పరిగెత్తుకుంటూ ఎక్కానురా. పైగదిలో గంట కొట్టే చెక్కబొమ్మల్ని ఇక చూడలేనని తెలిసి మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. ఇక్కడి డాక్టరు రెండు వారాలు కదలొద్దన్నాడు. ఆ తర్వాత వచ్చేస్తాను. కోప్పడకు.

అక్క

* * *

ప్రియమైన అక్కకి,

ఈ ఉత్తరానికి స్టాంపు లేదు. బురుజు కాపలావాణ్ణి బతిమాలి నీ బసకు పంపిస్తున్నాను. నేను పైగదిలో ఉన్నాను. దారిలో రెండు రైళ్లలో కక్కుకున్నాను, మూడో రైల్లో పక్కసీటావిడ నాకు పెట్టని చీవాట్లు లేవు. మెట్లు నూట తొంభై కాదు, నూట తొంభై మూడు. కావాలంటే నా మోకాళ్లనడుగు.

లోపలికి రాగానే ముందు నవ్వొచ్చింది. కిటికీ నేను తూర్పున గీశాను, ఉన్నది పడమట. మొదటి పేజీలోనే తప్పు పెట్టుకుని ముప్పై ఏళ్లు మురిసిపోయాను. నీకు తెలిసే ఉంటుంది, ఒక్క మాట కూడా అనలేదు. తర్వాత ఏడుపొచ్చింది. ఇంత అందం ఒక్కదానివే చూసి, ఒక్కదానివే మోసుకొచ్చి నాకు పంచావు. తోడు రావాలని నాకు ఒక్కసారీ తోచలేదు. క్షమించు.

పొడవు పదహారు అంగలు, వెడల్పు పదకొండు. బొమ్మలు ఆరు, మూడోదానికి ముక్కు విరిగింది. నా అంగ రెండున్నర అడుగులు. కవర్లో కాగితం, పెన్సిలు పెట్టాను. ఈ గది నువ్వు గీయాలి. ఎవరూ అచ్చు వెయ్యక్కర్లేదు, నేను చూస్తాను.

తొందరేం లేదు, నిదానంగానే గియ్యి. ఈ మెట్లన్నీ దిగడానికి నాకు చాలాసేపు పడుతుంది.

నీ తమ్ముడు