పోయిందన్న మాట

జూన్ 4, మంగళవారం

డాక్టరు నాతో విడిగా మాట్లాడాలన్నాడు. ఆ మాట విన్నాక ఇంక విడిగా వినాల్సింది ఏముంటుంది. నాన్న కిడ్నీలు రెండూ మూలపడ్డాయట, డయాలసిస్‌కి గుండె తట్టుకోదట. ఎన్నాళ్ళు అని అడిగితే ఆయన గోడ మీద కాలెండరు చూశాడు. లేచి తర్వాతి నెల కాగితం తిప్పలేదు.

ఇంటికొచ్చి దిండు సర్దుతూ, ఏమైనా తినాలనుందా నాన్నా అని అడిగాను. తిండి సంగతి కాదే, మా అమ్మ ముఖం ఒక్కసారి చూడాలనుంది అన్నాడు.

నాన్నకి నాలుగేళ్ళప్పుడు నానమ్మ పోయింది. ఒక్క ఫోటో కూడా లేదు. దుఃఖం పట్టలేక తాతయ్య అన్నీ చింపేశాడట. నాన్నకి ఆవిడ జడ గుర్తుంది, ముఖం గుర్తులేదు. సిటీ బస్సు కండక్టరుగా ఊళ్ళో ముఖాలన్నీ చూసేసిన మనిషి. ఆ ఒక్కటి చూడలేదు.

చూపిస్తాను అన్నాను. ఎందుకన్నానో.

జూన్ 6, గురువారం

షాపులో సగం రోజు లీవు. ఓనరు మొహం ముడుచుకున్నాడు. ముడుచుకోనీ. వచ్చేవాళ్ళకి నేను అమ్మే కళ్ళద్దాలు ఒక పూట ఆగితే ఎవరి చూపూ పోదు.

నానమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేదని నాన్న చెప్పేవాడు. ఉద్యోగం చేసే మనిషి పోతే పేపర్లో వేయరా, ఫోటోతో సహా? పబ్లిక్ లైబ్రరీలో పాత పేపర్లన్నీ నెలనెలా కలిపి బైండ్ చేసి ఉంచారు. ఒక్కో వాల్యూమ్ ఎత్తితే నడుం పట్టేసింది.

లైబ్రేరియన్ నాకంటే చిన్నది. కుర్చీ జరిపినా ష్ అంటుంది. రీడింగ్ రూమ్‌లో నేనూ, నిద్రపోతున్న ఒక పెద్దాయనా తప్ప ఎవరూ లేరు. ఆయన గురకపెడితే మాత్రం ఏమీ అనదు. ఆవిడకి ష్ మేడం అని పేరు పెట్టాను.

జూన్ 8, శనివారం

నాన్నకి గుర్తున్నదల్లా గుమ్మం ముందు వాననీళ్ళు, అందులో కాగితం పడవ, లోపల ఏడుపులు. కాబట్టి వానాకాలం. జూలై, ఆగస్టు అయ్యాయి. ఊళ్ళో ఎవరెవరో పోయారు. పెద్ద వ్యాపారులు, హెడ్మాస్టర్లు, ఎవరిదో నెలల పాప. పాప దగ్గర ఆగిపోయాను. ష్ మేడం వచ్చి దొరికిందా అని మెల్లగా అడిగింది. లేదని చెప్పి ముక్కు తుడుచుకున్నాను.

సాయంత్రం నాన్న గేటు చప్పుడుకే తల తిప్పాడు. దొరికిందా అన్నాడు.

జూన్ 11, మంగళవారం

సెప్టెంబరు, అక్టోబరు. లేదు.

జూన్ 13, గురువారం

ముందు సంవత్సరం వానాకాలం, తర్వాతి సంవత్సరం వానాకాలం. లేదు, లేదు. నాన్న పాదాలు వాచాయి. నా చేతులకి పాత పేపర్ల వాసన పట్టింది, సబ్బుతో కడిగినా పోవడంలేదు. నాన్న ఆ చేతులు వాసన చూసి, మన డిపోలో పాత టికెట్ పుస్తకాల వాసనలా ఉందే అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మాటిచ్చి కూర్చున్నానుగా.

ష్ మేడం ఎవరైనా పెద్దవాళ్ళని నెల కనుక్కోమంది. పెద్దవాళ్ళంటే ఇంకెవరున్నారు, అత్త ఒక్కతే.

జూన్ 15, శనివారం

అత్త అంటే నాన్నకి అక్క. తనూ చిన్నపిల్లే అప్పుడు, తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. మాటంటే మాటే, కన్నీళ్ళు పెట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఫోన్ చేసి, నానమ్మ ఏ నెల్లో పోయింది అత్తా అని అడిగాను.

ఫోన్ కట్ అయిందేమోనని హలో హలో అన్నాను. ఎక్కడ వెతుకుతున్నావ్ అంది. పాత పేపర్లలో, చావు ప్రకటనల్లో అన్నాను.

అందులో ఎందుకుంటుందే, చచ్చిపోయిందని నేనెప్పుడు చెప్పాను, పోయిందన్నాను అంది.

ఫోన్ పెట్టేసి ఆటో ఎక్కి అత్త ఇంటికి వెళ్ళాను. అత్త చిక్కుళ్ళు ఒలుస్తోంది. నన్ను చూసి ఒలవడం ఆపలేదు. తల ఎత్తకుండా చెప్పింది. తాతయ్య చెయ్యి ఊరికే లేచేదట. కూర చల్లారినా లేచేది, ఎక్స్ఛేంజి నుంచి ఆలస్యమైనా లేచేది. ఒకరోజు డ్యూటీకని వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. తర్వాత పిల్లల కోసం వస్తే తాతయ్య గేటుకి తాళం వేశాడు. ఆ వారమే ఊరికి ఆ చివర ఇంకో ఇంట్లోకి మార్చేశాడు. ఫోటోలు చింపింది దుఃఖంతో కాదు.

తమ్ముడు నిద్రలేచి అమ్మేదీ అన్నాడట. వెళ్ళిపోయిందిరా అనబోయిందట అత్త, ఏడుపులో పోయిందిరా అని మాత్రం వచ్చింది. కొత్త ఇంట్లో పక్కావిడ అది విని అయ్యో పాపం, తల్లి లేని పిల్లలు అని వాణ్ణి ఎత్తుకుని ఏడ్చింది. వాడూ అదే అనుకున్నాడు. పోన్లే అనుకున్నాను అంది అత్త. చచ్చిపోయిందనుకుంటే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటాడు, వెళ్ళిపోయిందంటే రోజూ గుమ్మంలో కూర్చుంటాడు అంది.

మరి నువ్వో అత్తా అన్నాను.

నేను కూర్చున్నాను అంది.

నాకు ఒళ్ళు మండింది. ఎప్పుడైనా వెతికావా అని గట్టిగా అడిగాను. వదిలేసి పోయినదాన్ని నేను వెతకాలా అంది అంతకంటే గట్టిగా. చిక్కుళ్ళ గిన్నె తగిలి కింద ఒలికిపోయింది. ఏరి ఇచ్చి వచ్చేశాను. దారంతా ఏడ్చాను. ఎవరి కోసం ఏడుస్తున్నానో తేల్చుకోలేకపోయాను.

జూన్ 16, ఆదివారం

లైబ్రరీ సెలవు. నాన్న నావైపు చూశాడు, ఇవాళ అడగలేదు. ఈ ఇంట్లో డెబ్బై ఏళ్ళుగా ఒక్క క్రియాపదం మీద బతుకుతున్నాం. చెప్పు పోయింది, కరెంటు పోయింది, పరువు పోయింది, అమ్మ పోయింది. ఏది తిరిగొచ్చే పోవడమో, ఏది రానిదో ఎవరూ అడగలేదు.

జూన్ 18, మంగళవారం

చావులు కట్టిపెట్టేశాను. ష్ మేడంని టెలిఫోన్ డైరెక్టరీలు అడిగాను. పాతవన్నీ ఉన్నాయి, మెట్ల కింద. ఎక్స్ఛేంజి వాళ్ళకి ఇంటికి ఫోన్ ఇస్తారు కదా. మా ఇంటిపేరు కింద వెతికాను. మా తాతయ్య చిన్నాన్న ఉన్నాడు, అతని అప్పుల కొడుకున్నాడు, నానమ్మ లేదు.

బయటికొచ్చి టీ తాగుతుంటే తట్టింది. పెళ్ళితో వచ్చిన ఇంటిపేరు ఆ గేటు దగ్గరే వదిలేసి ఉంటుంది. నా తెలివి తెల్లారినట్టే ఉంది. అత్తకి ఫోన్ చేసి, నానమ్మ పుట్టింటి ఇంటిపేరేంటి అని అడిగాను. చెప్పి పెట్టేసింది. నాకు ఆ ఇంటిపేరు ఇవాళే తెలిసింది. నాన్న రక్తంలో సగమది, ఎవరో పరాయివాళ్ళ పేరులా వినిపించింది.

ఉంది.

ఒక డైరెక్టరీలో కాదు, ఏ ఏటిది తీసినా ఉంది. ఒకటే ఇల్లు, ఒకటే నంబరు. ఈ ఊళ్ళోనే. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటారే, ఇదే. నుదుటిమీదున్న కళ్ళద్దాలు కనబడటంలేదని షాపుకి వచ్చేవాళ్ళని చూసి ఇంతకాలం నవ్వాను.

జూన్ 20, గురువారం

ఎక్స్ఛేంజిలో రిటైర్మెంటు ఎప్పుడవుతుందో అత్త చెప్పిన వయసుని బట్టి లెక్కేసుకుని ఆ ఏడాది పేపర్లు దించాను. రెండో వాల్యూమ్‌లోనే దొరికింది. లోపలి పేజీలో మూలన, సీనియర్ ఆపరేటరుకి వీడ్కోలు సభ. దండ వేసుకుని నిలబడింది. మందపాటి ఫ్రేము, మా షాపుకి ఇప్పుడు అలాంటివి రావు. అద్దాల వెనక నాన్న కళ్ళు. అచ్చంగా అవే, కాస్త కిందికి వాలినట్టుండేవి.

నేను గట్టిగా ఏదో అన్నాను. ష్ మేడం వచ్చింది. ష్ అనలేదు. పక్కన నిలబడి చూసింది, నా భుజం మీద చెయ్యేసింది.

తర్వాత డైరెక్టరీల్లో పేరు ఆగిన ఏడాది వెతికితే అదీ దొరికింది. ఎక్స్ఛేంజి ఉద్యోగుల సంఘం సంతాపం, నాలుగు లైన్లు. నేను కాలేజీలో చదివే ఏడు. ఆ ఏడాది కాలేజీలో ఎవరో నానమ్మ ఉందా అంటే లేదని చెప్పాను. అప్పటికి ఆవిడ ఈ వీధుల్లోనే నడుస్తోంది.

జూన్ 22, శనివారం

చూపించొద్దు అంటోంది అత్త. వాడికి చిన్నప్పుడు ఒకసారి చచ్చిపోయింది, పోయేముందు బతికించి మళ్ళీ చంపుతావా అంటోంది.

నాన్న అడిగింది పాతికేళ్ళ అమ్మ ముఖం. నా దగ్గరున్నది ముసలావిడ ముఖం. ఆ ముఖం చూపిస్తే, ఎప్పటిది అంటాడు. అప్పుడేం చెప్పను. అబద్ధం చెబుదామంటే ఫోటోనే నిజం చెప్పేస్తోంది.

చూపించకపోతే, దొరికిందా అని గుమ్మం వైపు చూస్తూనే పోతాడు. అత్త తప్పించాలనుకున్నది అదే కదా.

జూన్ 23, ఆదివారం

చూపించాను.

పేపరు కింద రాసింది కనపడకుండా, ముఖం మాత్రం పెద్దదిగా ప్రింటు తీయించి తీసుకెళ్ళాను. దిండు ఎత్తుగా పెట్టి, అద్దాలు తుడిచి పెట్టాను. నాన్న ఫోటోని దగ్గరికి తెచ్చుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు.

ఈవిడ నాకు తెలుసే అన్నాడు.

నా బస్సులో వచ్చేది అన్నాడు. డ్యూటీ మారినా కనుక్కుని ఆ బస్సే ఎక్కేది. మొదటిరోజు నా బ్యాడ్జి మీద పేరు చదువుకుంటూ నిలబడిపోయి, టికెట్ తీసుకోవడమే మర్చిపోయింది. చివరి స్టాపు దాకా వచ్చి, దిగకుండా మళ్ళీ వెనక్కి టికెట్ తీసుకునేది. ఎవరూ లేని మనిషేమో, పొద్దుపోక తిరుగుతోందనుకున్నాను. భోంచేశావా బాబూ అనేది. పిల్లలెంతమంది బాబూ అంటే ఒక్కతే కూతురండీ, చదువులో చురుకు అని చెప్పాను. కొన్నేళ్ళు వచ్చింది, తర్వాత రావడం మానేసింది. ఇంతకీ ఎవరే ఈవిడ అన్నాడు.

చెప్పాను. అత్త అన్న మాటతో సహా అంతా చెప్పాను. ఏదీ దాచలేకపోయాను.

నాన్న ఫోటోని గుండె మీద బోర్లా పెట్టుకున్నాడు. అత్తని తిడతాడనుకున్నాను. తాతయ్యని తిడతాడనుకున్నాను. అందర్నీ అమ్మా అనేవాణ్ణి కదా అన్నాడు. అమ్మా టికెట్, అమ్మా జరగండి, అమ్మా స్టాపొచ్చింది. ఈవిణ్ణీ అన్నాను రోజూ. అమ్మా అన్నప్పుడల్లా తల ఎత్తేదే.

తర్వాత ఏడుపు మొదలుపెట్టాడు. చిన్నపిల్లాడిలా. ఒకరోజు చిల్లర లేదంటే కసురుకున్నానే, బస్సులో అందరి ముందూ కసురుకున్నాను, మర్నాడు చిల్లర గుప్పిట్లో పట్టుకుని ఎక్కింది అన్నాడు. అదొక్కటే చెప్పి చెప్పి ఏడ్చాడు. మీకు తెలీదు కదా నాన్నా అన్నాను. అమ్మకి తెలుసుగా అన్నాడు.

జూన్ 24, సోమవారం

అత్త వచ్చింది. బస్సు సంగతి పొద్దున ఫోన్లోనే చెప్పాను. నాన్న ఆ ఫోటో చేతికిస్తే అత్త పట్టుకుని చూసింది, దుమ్ము లేకపోయినా కొంగుతో తుడిచింది. నాన్న అత్త చెయ్యి పట్టుకుని నిద్రపోయాడు.

వెళ్ళేటప్పుడు గేటు దగ్గర నన్ను ఆపింది. బస్సులో వాణ్ణి నా సంగతి ఏమైనా అడిగేదటా అంది. మీ అక్క ఎలా ఉంది బాబూ అని రోజూ అడిగేదట అత్తా అన్నాను. నాన్న అలా చెప్పలేదు. నేను అడగనూ లేదు.

జూన్ 27, గురువారం

నాన్న కళ్ళు తెరవడంలేదు. మధ్యలో ఒకసారి, అమ్మా స్టాపొచ్చింది అన్నాడు.

జూలై 2, మంగళవారం

పొద్దున నాన్న పోయాడు.

కాదు. నాన్న చచ్చిపోయాడు. తర్వాత ఎవరైనా ఇది చదివితే వెతుక్కోకూడదు.