ఎలా మార్చినా ఎనిమిదే

కోవిల్‌పట్టి, మంగళవారం రాత్రి

చెంప ఇంకా మండుతోంది. దవడ కదిలిస్తే ప్రాణం పోతోంది.

అన్న తన వేరుశనగ మిఠాయి కొట్టు (ఇక్కడి మాటలో కడ) ముందు ఈ రోజే బోర్డు పాతాడు. నాయన వచ్చి దానిమీది ఫోన్ నంబరు చూశాడు. పది అంకెలూ వేళ్ల మీద కూడితే నలభైనాలుగు. నాలుగూ నాలుగూ ఎనిమిది. ఎనిమిదంటే ఆయనకి శని.

"శని నెంబరు తగిలించుకోని కడ తెరుస్తావట్రా?" అని బోర్డు పాతిన గడ్డపారతోనే దాన్ని పగలగొట్టాడు. అడ్డం వెళ్లిన అన్న భుజం చీరుకుపోయింది. నెత్తురు మిఠాయి పళ్లెంలో పడింది.

"కొట్టొద్దు నాయనా! అవే అంకెలు ముందూ ఎనకా మారిన నెంబరొకటి తెస్తా," అన్నాడు అన్న. నాయన గడ్డపార దించాడు.

రేపు మళ్లీ కూడి చూసి మళ్లీ కొడతాడని నాకు తెలుసు. అందుకే, "ఎట్ట మార్చినా ఎనిమిదే వస్తది నాయనా," అన్నాను. ఎంత పెద్ద సంఖ్యనైనా తొమ్మిదితో భాగించండి, అంకెల వరుస ఎంత మార్చినా మిగిలేది మారదు; ఈ నంబరుకి అది ఎనిమిదే. కాలేజీలో మొదటి ఏడాదే చెప్పారు.

"నువ్వూ శనితో చేరితివా?" అంటూ గడ్డపార పడేసి నా మీదికొచ్చాడు.

ఇందాక అన్న భుజానికి పసుపు అద్దుతూ అమ్మ అంది: "రేపు మీరిద్దరూ ఎనకాల ఉండండి. నేను ముందు నిలుస్తా."

ఇవాళ అన్న, తర్వాత నేను. రేపు అమ్మ. వరుసే మారుతోంది, మిగిలేది మారడం లేదు.

గడ్డపార ఇప్పుడు నా మంచం కింద ఉంది.