పదిహేనింతల గాలి

సవాయి ద్వీపం

ఒరేయ్ పెలెనాటో,

నువ్వు అమ్ముకుంటున్న రెక్కల్లేని ఫ్యాను తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది.

"పెద్దమ్మా, ఈ చక్రం చుట్టూ ఉన్న గాలిని కూడా లాక్కుని పదిహేనింతలు చేసి వదుల్తుంది" అంటూ మా ఇంట్లో పెట్టి చూపించావు. మేమూ ఆహా ఓహో అన్నాం. మా ఇంటికి గోడలెక్కడున్నాయిరా? స్తంభాల మధ్య నుంచి కొట్టే సముద్రపు గాలినంతా నీ చక్రం ఖాతాలో వేసేశాం.

తర్వాత నీ కొట్టు పేరు రాయించి మరీ దాన్ని చర్చికిచ్చావు. ఇచ్చినవాణ్ణి చిన్నబుచ్చకూడదని, ఆదివారం ఎవరూ విసనకర్రలు తేవద్దని ఆడవాళ్ళందరికీ నేనే చెప్పాను. నాలుగు గోడల మధ్య, తెల్లకోటులో, నీ చక్రం పక్కనే నిలబడి వాక్యం చెబుతూ మన పాస్టరుగారు కుప్పకూలిపోయారు. మేం పెట్టుకున్న టోపీలు తీసి విసనకర్రల్లా విసిరితే కళ్ళు తెరిచారు. తెరవగానే ఆయన అడిగిన మాట, "ఫ్యాను వెయ్యలేదేమమ్మా?"

అంతసేపూ ఆ చక్రం అంచు మీద ఒక ఈగ కూర్చుని తీరిగ్గా కాళ్ళు రుద్దుకుంటోంది. ఛీ!

శనివారం మీ ఊరు ఆపియా వచ్చే పడవలో దాన్ని తిప్పి పంపుతున్నాను. పెట్టెలో నేనల్లిన విసనకర్ర కూడా పెట్టాను. ఈసారి ఎవరికైనా చూపించేటప్పుడు చక్రం వెనక నిలబడి విసురు. గాలి వస్తుంది.

మీ పెద్దమ్మ